కట్లెట్టు పుట్టిల్లు

సాయంత్రమయ్యేసరికి మా ఏ.ఎస్. రావు నగర్‌లో బేకరీ అద్దాల వెనక బంగాళాదుంప కట్లెట్లు బుద్ధిగా వరసకట్టి కూర్చుంటాయి. వాటికీ, ఫ్రెంచి వంటా జపాను వంటా కలిపి వడ్డించే ఖరీదైన హోటళ్ళకీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? ఉంది మరి.

జపానులో వెయ్యేళ్ళకు పైగా మాంసాహారం మీద ఆంక్షలుండేవి. 1872లో మెయిజీ చక్రవర్తి తాను మాంసం తిన్నట్టు లోకానికి తెలియజేశాడు. దొరలతో సమానంగా నిలబడాలంటే వాళ్ళ తిండి వాళ్ళ పద్ధతిలో తిని చూపించాలని ఆ ప్రభుత్వం పట్టుదల! రాచవిందులన్నీ ఫ్రెంచి వంటతోనే జరిగేవి. మరి అంత వెన్నా మీగడా అలవాటు లేని సామాన్యుడి మాటేమిటి? టోక్యోలోని గింజాలో రెంగతేయ్ అనే హోటలువాళ్ళు 1899లో ఓ ఉపాయం చేశారు. రొట్టెపొడి అద్దిన పందిమాంసం ముక్కని వెన్నలో కాక, తమ టెంపురాలాగే మరిగే నూనెలో వేసి తీశారు. దాని పేరు కత్సురెత్సు. ఫ్రెంచి 'కోత్‌లెత్' ఇంగ్లీషులో కట్లెట్టయి, జపానువాళ్ళ నోట అలా పలికిందన్నమాట. పుట్టిల్లు ఒకటే, ఒకర్తె టోక్యో కోడలయింది, ఒకర్తె మన దేశం వచ్చి ఉల్లిపాయా బంగాళాదుంపలతో శాకాహారిణి అయింది. (టెంపురా మాత్రం పోర్చుగీసువాళ్ళు తెచ్చిన విద్య. ఎవరి వంట ఎవరిదని చెప్పగలం?)

ఆ తరవాత అప్పు తీర్చుకునే వంతు ఫ్రాన్సుది. ఒసాకాలో 1960లో వంట కళాశాల పెట్టిన త్సుజి షిజువో, ఫ్రెంచి వంటవాళ్ళకి జపాను భోజనం రుచి చూపించాడు. పాల్ బొక్యూజ్ అంతటివాడు 1972లో అక్కడికి వెళ్ళాడు. మరుసటి ఏడే ఫ్రాన్సులో 'కొత్త వంట' అనే మాట మార్మోగింది. పెద్ద పళ్ళెం, మధ్యలో గుప్పెడు కూర, పైన ఒక్క ఆకు... ఆ పొందికలో జపాను 'కైసెకి' భోజనం చెయ్యి చాలానే ఉంది.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం కైసెకి అలంకారం కాదు. తేనీటి ఆతిథ్యంలో ఆ భోజనం పెట్టేటప్పుడు ఇంటి యజమాని ఒక్కొక్కటీ స్వయంగా తెచ్చి వడ్డిస్తాడు. మీరూ కూర్చోండని అతిథులు అడిగితే, నేను లోపల తింటానంటాడు. ఎక్కడో విన్నట్టు లేదూ? అక్కడ అది మగవాడికి కూడా గౌరవమైన పని. మనింట్లో గారెలు వేడివేడిగా పంక్తిలోకి అందిస్తూ, అందరి చేతులూ కడిగాక చల్లారిన పప్పుతో కూర్చునే ఆవిడకి ఆ పేరెవరూ పెట్టలేదు.

ఈ కాలనీ, 1967లో ఈసీఐఎల్‌ని స్థాపించిన ఏ.ఎస్. రావుగారి పేరు మీద, అక్కడి ఉద్యోగుల కోసం వెలిసింది. మొదట్లోనే ఇక్కడికి కాపురానికొచ్చిన మా పొరుగింటి పిన్నిగారికి ఈ ఫ్రెంచి-జపాను హోటళ్ళ సంగతంతా చెప్పాను. ధర చెబితే నోరు నొక్కుకుంటారనుకున్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే:

"ఒక్కొక్కటే వేడివేడిగా మన ముందుకే వస్తుందా? మధ్యలో లేవక్కర్లేదా? అయితే ముక్క చిన్నదైతే ఏం పోయిందే అమ్మాయ్!"