స్క్రూ నుంచి సాఫ్ట్‌వేర్ దాకా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు దాకా ఉమ్మడి వరంగల్ జిల్లాలోవే. ట్రాక్టర్లు, బొగ్గు లారీలు తిరిగే ఈ నేలలో ఇంజిన్ ట్యూనింగ్ చాలాకాలం చెవితో చేసిన పని. మెకానిక్ కార్బురేటర్ స్క్రూ తిప్పేవాడు, డీజిల్ పంపు టైమింగ్ సరిచేసేవాడు, పొగ రంగును బట్టి ఇంధనం పాళ్లు పట్టేవాడు. అది గొప్ప నేర్పు.

ఇంధనాన్ని ఎలక్ట్రానిక్‌గా చిమ్మే ఎంపీఎఫ్ఐ, కామన్ రైల్ ఇంజిన్లు వచ్చాక ఆ లెక్క ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ చేతికి పోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార ప్రమాణం తప్పనిసరైంది. ఇప్పుడు కారుకు అదనపు పవర్ కావాలంటే ముందు ఈసీయూ సాఫ్ట్‌వేర్‌ను మార్చే ప్రోగ్రామర్ పరికరాన్ని ఎంచుకోవాలి. అది ఆ ఈసీయూకు సరిపడాలి; అన్నిటికన్నా ముఖ్యంగా, ఈసీయూలోని అసలు కంపెనీ ఫైలును దాచి మళ్లీ ఎక్కించగలగాలి. అయితే, రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ చెప్పినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది.