1910: గోదాలో తేలినది, గోదా బయట తేలనిది

1910వ సంవత్సరం నాటికి ముష్టియుద్ధంలో గానీ, మల్లయుద్ధంలో గానీ ప్రపంచ విజేత ఎవరో నిర్ణయించే అధికారం గల సంస్థ ఏదీ లేదు. పేరున్న యోధుడు పత్రికలో సవాలు ప్రకటించడం, ఎదుటివాడు ఒప్పుకుంటే ఇరుపక్షాలూ పందెం సొమ్మును మధ్యవర్తి దగ్గర జమ చేయడం, నిర్వాహకుడు వేదిక కుదిర్చి టిక్కెట్లు అమ్మడం, గెలిచినవాడు బిరుదును తన పేరిట ప్రకటించుకోవడం అనే పద్ధతి మీదనే అంతర్జాతీయ పోటీలు నడిచేవి. సవాలును అంగీకరించి తీరాలని ఎవరినీ నిర్బంధించే వీలు లేకపోవడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం. బిరుదు నిలుపుకోవడానికి బలవంతుడైన ప్రత్యర్థిని ఓడించనక్కరలేదు, అతన్ని దగ్గరకు రానివ్వకుండా ఉంటే చాలు. ఆ ఏడాది జూలై, సెప్టెంబరు నెలల మధ్య అమెరికాలోని రీనోలోనూ, ఇంగ్లండులోని లండన్‌లోనూ జరిగిన పోటీలు ఈ లోపాన్ని బట్టబయలు చేశాయి. ఒకచోట నల్లజాతి అమెరికన్, మరొకచోట వలస పాలనలోని భారతీయుడు తమ బలాన్ని శంకకు తావు లేకుండా చాటారు. వారిని బరిలో ఓడించలేకపోయినవారు బరి తలుపులే మూసుకున్నారు.

ఆ ఇద్దరూ 1878లోనే పుట్టారు. జాక్ జాన్సన్ టెక్సాస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్ అనే రేవు పట్టణంలో, ఒకప్పుడు బానిసలుగా బతికిన దంపతులకు జన్మించాడు. అమెరికా ముష్టియుద్ధంలో హెవీవెయిట్, అంటే పై పరిమితి లేని అత్యధిక బరువు తరగతి, తెల్లవారి సొత్తుగా ఉండేది. ఇతర తరగతుల్లో నల్లజాతి యోధులు విజేతలైనా, హెవీవెయిట్ బిరుదు కోసం పోరాడే అవకాశాన్ని మాత్రం తెల్ల విజేతలు వారికి ఇచ్చేవారు కారు. విజేతగా ఉన్నంతకాలం జేమ్స్ జెఫ్రీస్ అలాగే చేసి, ఓటమి ఎరుగకుండానే 1905లో విరమించుకున్నాడు. బిరుదు చేతులు మారి టామీ బర్న్స్ అనే కెనడియన్‌కు దక్కగా, జాన్సన్ అతని వెంటపడి చివరికి 1908 డిసెంబరు 26న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఓడించి, ఆ బిరుదు పొందిన తొలి నల్లజాతి యోధుడయ్యాడు. ఆ పోటీని చూసి పత్రికకు రాసిన నవలాకారుడు జాక్ లండన్, జెఫ్రీస్ తన పొలం వదిలి వచ్చి జాన్సన్ ముఖం మీది నవ్వును చెరిపివేయాలని పిలుపునిచ్చాడు. శ్వేతజాతి పరువు నిలబెట్టేవాడి కోసం అమెరికాలో సాగిన వెతుకులాట అక్కడి నుంచే ఊపందుకుంది.

జెఫ్రీస్ అందుకు సిద్ధపడ్డాడు. విశ్రాంత జీవితంలో పెరిగిన బరువులో వంద పౌండ్ల దాకా, అంటే సుమారు 45 కిలోలు, తగ్గించుకుని 1910 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడే, నెవాడా రాష్ట్రంలోని రీనోలో బరిలోకి దిగాడు. ఆరేళ్లుగా పోటీ ఎరుగని శరీరం అప్పటి జాన్సన్‌కు సాటి రాదని ముందే గ్రహించవలసింది. కానీ ఆ రోజున జనం లెక్క వేసింది శరీరాలను కాదు, రంగులను. పందెం మొత్తం 1,01,000 డాలర్లు. పోటీని ఏర్పాటు చేసిన టెక్స్ రికార్డ్ స్వయంగా మధ్యవర్తిగా నిలబడ్డాడు. రౌండ్ల పరిమితి 45. అంతవరకు ఎవరి చేతిలోనూ నేలకూలని జెఫ్రీస్ 15వ రౌండులో పదేపదే కూలిపోవడంతో అతని పక్షం వారే పోటీని ఆపించారు. తంతి వార్త దేశమంతా పాకిన ఆ రాత్రి అనేక నగరాల్లో నల్లజాతి ప్రజలపై దాడులు జరిగి ఇరవై మంది దాకా మరణించారు.

పోటీని చలనచిత్రంగా తీసి ఉండటం వల్ల దాని ప్రభావం రీనోతో ఆగలేదు. ఓటమిని మాటలతో కప్పిపుచ్చవచ్చు గానీ తెర మీద కనిపించే దృశ్యాన్ని కప్పిపుచ్చడం కష్టం. అందుకే అమెరికాలోని అనేక నగరాలూ రాష్ట్రాలూ ఆ చిత్ర ప్రదర్శనను నిషేధించాయి. తానే ముష్టియుద్ధ ప్రియుడైన మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఇటువంటి పోటీలూ వాటి చిత్రాలూ ఇకపై ఉండరాదని రాశాడు. 1912లో అమెరికా కాంగ్రెస్ ముష్టియుద్ధ చిత్రాలను ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తరలించడం నేరమని చట్టమే చేసింది. దక్షిణాఫ్రికాలో కూడా ఆ చిత్రం నిషేధానికి గురైంది. జెఫ్రీస్ గెలిచి ఉంటే ఈ ఆంక్షల్లో ఒక్కటైనా పుట్టేదని నమ్మడం కష్టం.

రీనో ఫలితం వెలువడిన కొద్ది వారాలకే లండన్‌లో రెండో ఘట్టం మొదలయింది. గామా పేరుతో ప్రసిద్ధుడైన గులాం మహమ్మద్, పంజాబులో స్థిరపడిన కాశ్మీరీ ముస్లిం మల్లుల కుటుంబంలో పుట్టాడు. చిన్ననాటనే తండ్రి మరణించగా తాత, ఆ తరువాత మేనమామ అతనికి విద్య నేర్పారు. పదేళ్ల వయసులో జోధ్‌పూర్ మహారాజు ఏర్పాటు చేసిన బస్కీల పోటీలో, వందలాది పహిల్వాన్లు అలసి తప్పుకున్నా చివరి పదిహేను మందిలో నిలిచి, వయసును బట్టి విజేతగా ప్రకటితుడయ్యాడన్నది అతని పేరు వినిపించిన తొలి సందర్భం. తరువాత దతియా సంస్థానం అతన్ని పోషించింది. అప్పటి భారతీయ కుస్తీ సంస్థానాధీశుల అండతో బతికిన విద్య కనుక, రోజూ తీసే దండీలకూ బస్కీలకూ, వాటిని నిలబెట్టే పాలు, నెయ్యి, బాదంపప్పుల ఖర్చుకూ రాజాస్థానమే ఆధారం. గుజ్రాన్‌వాలాకు చెందిన, గామా కంటే ఎంతో పొడగరి అయిన రహీం బఖ్ష్ సుల్తానీవాలాతో అతని పోటీలు ఎంతకీ తేలకపోయినా, 1910 నాటికి తక్కిన భారతీయ మల్లులలో అతనికి ఎదురు లేదు.

గామాను, అతని తమ్ముడు ఇమాం బఖ్ష్‌ను, అహ్మద్ బఖ్ష్, గామూ అనే మరి ఇద్దరు మల్లులను లండన్ పంపడానికి బెంగాలీ సంపన్నుడు శరత్‌కుమార్ మిత్ర సొమ్ము సమకూర్చగా, ఆర్. బి. బెంజమిన్ అనే నిర్వాహకుడు వారిని తీసుకువెళ్లాడు. బెంగాల్ విభజన మీద స్వదేశీ ఉద్యమం రగిలి ఐదేళ్లవుతున్న కాలమది. భారతీయులు, అందులోనూ బెంగాలీలు, బలహీనులనీ పిరికివారనీ పాలకులు ప్రచారం చేస్తున్న రోజుల్లో ఒక బెంగాలీ ఈ ఖర్చు భరించడం కేవలం వినోదం కోసం కాదు. లండన్ చేరిన బృందం తరఫున, ఏ దేశపు మల్లుడైనా సరే ఐదు నిమిషాలు తమలో ఎవరి చేతిలోనూ పడకుండా నిలిస్తే ఐదు పౌండ్లు ఇస్తామని ప్రకటన వెలువడింది. దానికి పేరున్నవారెవరూ వెంటనే ముందుకు రాలేదు. ఎవరు ఎప్పుడు ఓడాలో ముందే మాట్లాడుకుని నాటకశాలల్లో ప్రదర్శించే కుస్తీ వల్ల లండన్‌లో ఆ క్రీడ పరువు అప్పటికే దిగజారింది. నిజంగా తలపడే మల్లుల వల్ల ఆ వ్యాపారానికి ఒనగూరే లాభమేమీ లేదు.

ఇక్కడ నియమాల తేడా చెప్పుకోవాలి. భారతీయ కుస్తీ తవ్వి మెత్తబరచిన మట్టి గోదాలో జరుగుతుంది; ప్రత్యర్థిని వెల్లకిలా పడవేసి భుజాలు నేలకు తాకిస్తే చిత్తు చేసినట్టు, ఒకసారి చిత్తయితే పోటీ ముగిసినట్టు. లండన్‌లో నడిచిన ‘క్యాచ్ యాజ్ క్యాచ్ కెన్’ పద్ధతిలో పరుపు లాంటి చాప మీద, శరీరంలో ఎక్కడైనా పట్టు పట్టవచ్చు; రెండు భుజాలనూ చాపకు అదిమిపెట్టాలి; మూడింటిలో రెండుసార్లు అలా చేసినవాడు విజేత. బలిష్ఠుడైన మల్లుడు బోర్లా పడుకుని కదలకుండా ఉంటే చాప మీద అతన్ని తిప్పివేయడం బహుకష్టం. ఈ చివరి విషయమే సెప్టెంబరులో ఫలితాన్ని శాసించింది.

ఆగస్టు 8న లెస్టర్ స్క్వేర్‌లోని అల్హంబ్రా నాటకశాలలో గామా తొలిసారి తన సత్తా చూపాడు. ప్రత్యర్థి అమెరికాకు చెందిన వైద్యుడు, పేరున్న మల్లుడు బెంజమిన్ రోలర్. మొదటిసారి 1 నిమిషం 40 సెకన్లలో, రెండోసారి 9 నిమిషాల 10 సెకన్లలో గామా అతన్ని చిత్తు చేశాడు. ఆ తాకిడికి రోలర్ పక్కటెముకలు విరిగాయి. సెప్టెంబరు 5న అదే వేదిక మీద ఇమాం బఖ్ష్, లండన్ పోటీల్లో మంచి పేరు తెచ్చుకున్న స్విట్జర్లాండ్ మల్లుడు జాన్ లెమ్‌ను, రెండుసార్లూ కలిపి ఐదు నిమిషాల లోపే పడగొట్టాడు. ఆ ఏడాది మొత్తంలో కళాదృష్టితో చూస్తే ఇదే మేలైన కుస్తీ అనిపిస్తుంది. కానీ చరిత్ర అతని అన్న గామా పేరునే ఎక్కువగా గుర్తుపెట్టుకుంది.

అసలు పరీక్ష స్టానిస్లాస్ జ్బిస్కోతో. గలీషియాలో, అంటే నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని పోలిష్ ప్రాంతంలో పుట్టిన ఇతని అసలు పేరు యాన్ స్టానిస్లావ్ సిగానియెవిచ్. ఆ ఏడాది జూన్ 1న షికాగోలో అమెరికన్ విజేత ఫ్రాంక్ గోచ్‌తో తలపడినప్పుడు, ఆనవాయితీ ప్రకారం కరచాలనానికి చేయి చాపిన జ్బిస్కోను గోచ్ ఒక్కసారిగా కిందికి లాగి, దాదాపు ఆరు సెకన్లలో మొదటి పట్టు గెలిచాడు. రెండోది అరగంట లోపు ముగిసింది. ఆ పరాభవం మనసులో ఉన్న మనిషి మూడు నెలలకే గామా ఎదుట నిలిచాడన్నది గుర్తుంచుకుంటే, అతను అనుసరించిన తీరు కొంత అర్థమవుతుంది.

సెప్టెంబరు 10న వేదిక షెపర్డ్స్ బుష్‌లోని వైట్ సిటీ స్టేడియం. రెండేళ్ల కిందట 1908 ఒలింపిక్స్ జరిగింది అక్కడే. ఆ ప్రాంగణంలోనే జపాన్-బ్రిటిష్ ప్రదర్శన నడుస్తూ, క్యోటో నుంచి వచ్చిన సుమో మల్లులు తమ విద్య చూపుతున్నారు. ‘జాన్ బుల్’ పత్రిక పేరిట ఏర్పాటైన పటకా, 250 పౌండ్లు పందెంగా ఉన్న ఈ పోటీలో, గామా తొలి నిమిషంలోనే జ్బిస్కోను కిందికి తెచ్చాడు. అక్కడి నుంచి జ్బిస్కో మోకాళ్లూ చేతులూ చాపకు ఆనించి ఉడుంపట్టు పట్టాడు. తనకంటే 20 కిలోలకు పైగా బరువున్న ఆ శరీరాన్ని తిప్పడానికి గామా రెండున్నర గంటలకు పైగా ప్రయత్నించాడు. జ్బిస్కో పైకి లేచి ఎదురుదాడి చేసిన క్షణాలు బహు స్వల్పం. వెలుతురు తగ్గుతుండగా పోటీని ఫలితం లేకుండా ఆపి, సెప్టెంబరు 17న తిరిగి జరపాలని నిర్ణయించారు. నియమం ప్రకారం అది సమం. చూసినవారికి మాత్రం ఎవరు దాడి చేశారో, ఎవరు తప్పించుకున్నారో తెలుసు. అయినా గామా పక్షాన ఒక లోపాన్ని ఒప్పుకోవలసి ఉంది. మట్టి గోదాలో పండిన అతని విద్యలో, కదలని ప్రత్యర్థిని చాప మీద మెల్లగా విడదీసే ఉపాయాలు ఆనాటికి చాలినన్ని లేవు.

17న జ్బిస్కో రాలేదు. పటకా, పందెం సొమ్ము గామాకు దక్కాయి. భారతీయులు అతన్ని ‘రుస్తుం-ఎ-జమానా’, అంటే ఈ కాలపు మహావీరుడు, అని పిలిచారు. అయితే లండన్‌లో అతనికి మరొక పెద్ద పోటీ కుదరలేదు. ప్రపంచ విజేతగా అమెరికా చెప్పుకున్న ఫ్రాంక్ గోచ్ గానీ, లండన్ జనం ఆరాధించిన ‘రష్యా సింహం’ జార్జ్ హాకెన్‌ష్మిడ్ట్ గానీ ఎన్నడూ గామాతో తలపడలేదు. ప్రదర్శనకు వచ్చిన జపాన్ మల్లులందరినీ ఒక్కొక్కరుగా పడగొడతానన్న అతని సవాలు కూడా అలాగే మిగిలింది. మరుసటి ఏడాది జాక్ జాన్సన్‌కు, బ్రిటిష్ యోధుడు బొంబార్డియర్ బిల్లీ వెల్స్‌కు లండన్‌లో జరగవలసిన పోటీని హోం మంత్రి విన్‌స్టన్ చర్చిల్ ప్రభుత్వం తరఫున అడ్డుకున్నాడు. సామ్రాజ్యపు పౌరులైన కోట్లాది నల్ల, గోధుమ రంగు ప్రజలు తెల్లవాడి ఓటమిని చూడరాదన్న భయం ఆ నిర్ణయం వెనుక ఉందని చరిత్రకారులు గుర్తించారు.

ఈ భయానికి మరోవైపున ఉన్న ఉత్సాహం తెలుగునాట కూడా కనిపిస్తుంది. 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటనతో ఆంధ్రలో వందేమాతరం ఉద్యమం వేడెక్కిన ఆ దశాబ్దంలోనే, వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి విజయనగరం వ్యాయామశాలల నుంచి ఎదిగి, ఇనుప గొలుసులు తెంచుతూ, ఛాతీ మీద ఏనుగును నడిపించుకుంటూ, తన సర్కస్‌తో ఊరూరా తిరిగి ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నాడు. రామమూర్తిది బలప్రదర్శన, గామాది పోటీ. రెండూ వేర్వేరు విద్యలు. కానీ రెండింటినీ చూసిన జనం ఒకే మాట విన్నారు: ఈ దేశస్థుల దేహం దుర్బలమన్నది అబద్ధం.

గామా, జ్బిస్కో మళ్లీ ఎదురుపడటానికి పదిహేడేళ్లకు పైగా పట్టింది. 1928 జనవరిలో పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ వేలాది జనం కోసం ప్రత్యేకంగా కట్టించిన ప్రాంగణంలో, ఈసారి మట్టి గోదాలో, గామా అతన్ని ఒక్క నిమిషం లోపే చిత్తు చేశాడు. అప్పటికి ఇద్దరూ యాభైకి చేరువలో ఉన్నవారే కనుక దాన్ని 1910 నాటి లెక్కకు పూర్తి జవాబుగా తీసుకోలేము. కానీ ఇంత దూరం వచ్చి పరాయి నియమాల మీద తలపడిన జ్బిస్కో, గోచ్ చేయని పనే చేశాడు. దేశ విభజన తరువాత లాహోర్‌లో స్థిరపడిన గామా 1960లో మరణించాడు. జాన్సన్‌ను బరిలో ఓడించడానికి ఎదురుచూస్తున్న అమెరికా, 1913లో తెల్లజాతి స్త్రీలతో అతని సంబంధాలను సాకుగా చేసుకుని, అందరూ తెల్లవారే ఉన్న జ్యూరీ చేత శిక్ష వేయించింది. దేశం విడిచి ఏళ్ల తరబడి ప్రవాసంలో తిరిగిన అతను 1920లో తిరిగి వచ్చి జైలుకు వెళ్లాడు. 1946లో అతను చనిపోయాడు. ఆ శిక్షను అమెరికా అధ్యక్షుడు క్షమాభిక్షతో రద్దు చేసింది 2018 మే నెలలో.