కుంకుడుకాయలు, వంటసోడా, తాత అంబాసిడరు

తామరైపాక్కంలో మా ఇంటి వెనక పశువుల కొట్టం ఉంది. ఇప్పుడు పశువులు లేవు. ఉండేది ఒక అంబాసిడరు. 1986లో తయారైన మార్క్ 4. తాత దాన్ని 1994లో వేరేవాళ్ళ దగ్గర కొన్నాడు. తాత 2012లో పోయాడు. 2015 వానలకి కొట్టంలో మోకాలెత్తు నీళ్ళు నిలిచి, కారు లోపలికి కూడా వచ్చాయి. సొంత బండికి మొదటి పదిహేనేళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి గదా, 2016లో చిన్నాయన ఎట్లాగో ఆ పని చేయించాడు. ఆ తర్వాత బండి కదల్లేదు.

2021లో మళ్ళీ గడువు వచ్చింది. ఇంటి నుంచే పని చెయ్యమన్నారని మేము బెంగళూరు నుంచి వచ్చి ఊళ్ళోనే ఉన్నాం. పాత ఇనుము కొనే ఆయన వచ్చి చూసి వెల చెప్పిపోయాడు. ఇంజను బాగుందని మెకానిక్కు అన్నాడు. కానీ తలుపు తీస్తే ముక్కు మూసుకోవాలి, అట్లాంటి కంపు. “దీంట్లో కూర్చునేదెవరు? ఇచ్చేద్దాం” అన్నాడు చిన్నాయన. అవ్వ మాత్రం, “కడగకుండానే ఇచ్చేస్తార్రా?” అంది. ఆ మాట మీద నెల గడువు దొరికింది. ఆ నెలలో ఏం చేశామో, ఏం తెలుసుకున్నామో రాసిపెడదామని ఇది.

ముందు ఊరి సంగతి కొంచెం. మా ఊరి దగ్గర కొసస్థలయారు మీద ఒక ఆనకట్ట ఉంది. ఆ నీళ్ళని చోళవరం చెరువుకి, అక్కణ్ణించి రెడ్‌హిల్స్ చెరువుకి మళ్ళిస్తారు. 1872లో మద్రాసు పట్టణానికి రెడ్‌హిల్స్ నీళ్ళు అందించిన ఏర్పాటులో మా ఏరు కూడా భాగమే. ఆ ఏటినే నగరి వైపు కుశస్థలి అంటారు. అంటే ఏరు తెలుగుదేశం నుంచే వస్తుంది, మాలాగే. అవ్వది తిరుత్తణి పక్కన పల్లె. ఆమె పెళ్ళయి 1958లో ఇక్కడికి వచ్చేనాటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. “నేను మెట్టినింటికి వచ్చిన రెండేళ్ళకి నా పుట్టిల్లు కూడా నా వెనకాలే వచ్చేసింది” అంటుంది అవ్వ. మేమేమో నాయన ఉద్యోగం వల్ల కన్నడ బడిలో చదివాం. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాం. కాబట్టి ఇంట్లో ఏ వస్తువుకైనా మూడు పేర్లు.

కారుకి కూడా అట్లాంటి కలగాపులగం చరిత్రే. తిరువళ్ళూరు దగ్గర ఒకప్పుడు హిందూస్తాన్ మోటార్స్ వాళ్ళ కార్ఖానా ఉండేది కాబట్టి అంబాసిడరు మన జిల్లాలోనే పుట్టిందని చాలామంది అనుకుంటారు. అక్కడ 1998 నుంచి తయారైన కారు మిట్సుబిషి లాన్సర్. అంబాసిడరు పుట్టింది బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో. ఇంగ్లండువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సీరీస్‌ని ఆధారం చేసుకుని 1958లో మొదలుపెట్టి, 2014 మేలో ఆపేశారు. మద్రాసు పక్కన స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి కార్లు కూడా ఒకప్పుడు తయారయ్యాయి. కానీ పదిమంది ఎక్కాలన్నా, డిక్కీలో రెండు మూటలు వెయ్యాలన్నా మా తాతకి అంబాసిడరే కావాలి.

లోపల శుభ్రం చెయ్యాలంటే ముందు లోపల ఏముందో తెలియాలి. మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. దేన్ని పరీక్షిస్తున్నామో తెలియకుండా పరీక్ష మొదలుపెట్టం. వెనక సీటు ఎత్తి చూశాం. అడుగున స్ప్రింగులు, వాటి మీద కొబ్బరిపీచు పరుపు, దాని మీద బూరుగుదూది, పైన రెక్సిన్. తాత ఎప్పుడో తిరువళ్ళూరులో కొత్తగా కుట్టించిన సీటు. నేల మీద రబ్బరు చాప, దాని కింద జనపనార చాప. పైకప్పుకి నూలు గుడ్డ. రెక్సిన్ అనేది నిజానికి ఒక కంపెనీ పేరు. ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర హైడ్ అనే ఊళ్ళో నూలుగుడ్డ మీద సెల్యులోజ్ నైట్రేట్ పూత పూసి తోలు లాగా తయారుచేసేవాళ్ళు. తర్వాత పూత పీవీసీకి మారినా మన నోళ్ళలో పాతపేరే నిలిచిపోయింది.

అప్పుడు మాకు ఒక సంగతి అర్థమైంది. పీచు, దూది, నార, నూలు. ఇవన్నీ ఇంట్లో మంచం మీదా, అటక మీదా ఉండేవే. ఒక్క రెక్సిన్ తప్ప ఈ కారులో ఇల్లు ఎరగని సరుకు లేదు. ఇంట్లో వాటిని ఎట్లా శుభ్రం చేసేవాళ్ళో ఇక్కడా అట్లాగే చెయ్యాలి. కానీ మేము ఆ దారిన పోలేదు. మొదట తప్పు చేశాం.

వీడియోల్లో చూసి వెనిగర్‌లో వంటసోడా కలిపాం. బుస్సుమని పొంగింది. చాలా పనిచేస్తుందని సంబరపడి సీటంతా పోసి రుద్దాం. ఆ పొంగు ఉట్టి కార్బన్ డయాక్సైడ్. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది నీళ్ళూ, సోడియం అసిటేట్ అనే ఉప్పూ. పదో తరగతి కన్నడ పుస్తకంలో చదివిందే, చెయ్యి చేసేటప్పుడు గుర్తురాలేదు. పైగా ఆ నీళ్ళు కుట్ల సందుల్లోంచి పీచులోకి దిగాయి. మూడోరోజుకి బూజు తెల్లగా పైకి వచ్చింది, కంపు రెట్టింపైంది. చిన్నాయన ఏమీ అనలేదు, పాత ఇనుము ఆయన ఫోన్ నంబరు మాత్రం గోడ మీద రాసిపెట్టాడు.

అవ్వ కొట్టంలోకి వచ్చి చూసి, “పరుపుకి నీళ్ళు పోస్తారంట్రా ఎవరైనా?” అంది. సీటు విప్పించి పీచు, దూది వేరుచేసి ఎండలో వేయించింది. మే నెల, అగ్ని నక్షత్రం రోజులు. మిద్దె మీద నాలుగు రోజులు తిరగేసి మరగేసి ఎండబెడితే పీచు గలగలలాడింది. బూజుకి తేమ లేకపోతే బతుకు లేదు. పాతకారులో కంపు పోవాలంటే మొదటి మందు ఎండ, రెండో మందు ఇంకో ఎండ. నేల మీది జనపనార చాప ఒక్కటి మాత్రం చివికిపోయింది, దాన్ని పారేశాం. దాని కింద రేకుకి తుప్పు పట్టడం మొదలైంది. ఇంకో రెండేళ్ళు వదిలేసుంటే కాళ్ళకింద రోడ్డు కనిపించేది.

ఆ చాప కింద దొరికినవి ఒక పళ్ళెంలో పోశాం. ఏటి ఇసుక, వడ్లపొట్టు, వేరుశనక్కాయల తొక్కలు, ఎండి నల్లబడిన మల్లెమొగ్గలు, పావలా బిళ్ళ ఒకటి. వడ్లు మిల్లుకి, పూలు మద్రాసు మార్కెట్టుకి, పిల్లలు పెరియపాళయం జాతరకి. తాత ఈ బండిలో ఏమేం మోశాడో వరసగా ఉంది. పావలాలు 2011 జూన్ నెలాఖరుతో చెల్లకుండా పోయాయి, కాబట్టి అది అంతకు ముందు పడిందే.

ఇంక కడిగే సరుకుల చరిత్ర. చాకలివాళ్ళు ఏటిగట్టున తెల్లగా పూసే చౌడుమన్ను తెచ్చి బట్టలు ఉడకబెట్టేవాళ్ళని అవ్వ చెప్పింది. కన్నడంలో సవళు, తమిళంలో ఉవర్‌మణ్. దాంట్లో పనిచేసేది సోడియం కార్బొనేట్, అదే బట్టలసోడా. బెల్జియంలో సాల్వే 1861లో ఉప్పు నుంచీ సున్నపురాయి నుంచీ దాన్ని చవగ్గా చేసే పద్ధతి కనిపెట్టాడు. మనదేశంలో 1939లో టాటావాళ్ళు గుజరాత్‌లోని మీఠాపూర్‌లో పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. వంటసోడా దానికి తమ్ముడు, సోడియం బైకార్బొనేట్. తమిళంలో ఆప్పసోడా, కన్నడంలో అడిగె సోడా. అన్న కారం ఎక్కువ, రెక్సిన్ మెరుపుని తినేస్తాడు. తమ్ముడు మెత్తన.

సబ్బు మన ఇళ్ళకి వచ్చింది ఈమధ్యే. ఇంగ్లండు సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగింది 1888లో. సర్ఫ్ 1959లో, నిర్మా 1969లో. అంతకు ముందు వందల ఏళ్ళు తలకీ, పట్టుచీరకీ, బంగారానికీ ఒకటే మందు: కుంకుడుకాయ. తమిళంలో పూందిక్కొట్టై, కన్నడంలో అంటువాళ. దాని తొక్కలో సాపోనిన్ అనే పదార్థం ఉంటుంది. అది నీళ్ళలో నురగై జిడ్డుని పట్టుకుని వదిలిస్తుంది, రంగుని మాత్రం ముట్టదు.

రెండోసారి మేము పరీక్షలాగే చేశాం. సీటు కింద కనబడని చోట జానెడు జాగా, ఒకసారికి ఒకటే సరుకు, ఒక రాత్రి ఆగి చూడటం. తేలిందేమిటంటే:

రెక్సిన్‌కి కుంకుడు నురగే మేలు. పది కాయలు గింజ తీసి, రెండు చెంబుల వేడినీళ్ళలో నానబెట్టి పిసికి వడగట్టాం. నీళ్ళు కాదు, పైన నురగ మాత్రం గుడ్డతో తీసుకుని తుడిచి, వెంటనే తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచాం. బట్టల పౌడరు కూడా మురికి తీసింది గానీ, కుట్లలో తెల్లగా మిగిలి రెండువారాల్లో మళ్ళీ దుమ్ము పట్టింది.

కంపుకి వంటసోడా పొడిగానే చల్లాలి. పొడి సీటు మీద రాత్రి చల్లి, పొద్దున్నే బ్రష్‌తో దులిపేశాం. పాతగుడ్డలో బొగ్గులు మూటకట్టి సీట్ల కింద పెట్టాం. బొగ్గు సన్నని రంధ్రాల్లో వాసన పట్టుకుంటుంది. పదిరోజులకోసారి మూట ఎండలో వేస్తే చాలు.

తలుపుల రెక్సిన్ మీది బూజుకి వెనిగర్, సగం నీళ్ళు కలిపి, ఒక్కటే. సోడా దగ్గరికి రానివ్వలేదు. ఇనుము మీద పడితే వెంటనే తుడవాలి. బ్లీచింగ్ నీళ్ళతో మాత్రం వెనిగర్‌ని ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన కారులో అది ప్రాణం మీదికి తెస్తుంది.

పైకప్పు గుడ్డకి తడి ఆనించలేదు. మెత్తని బ్రష్‌తో దులిపాం, అంతే. అద్దాలకి తడిపిన దినపత్రిక. డ్యాష్‌బోర్డు మీద తాత కొబ్బరినూనె పూసేవాడు, మెరుస్తుందని. ఆ నూనె ముదిరి, దుమ్ము అంటుకుని నల్లటి జిగురైంది. దాన్ని కుంకుడుతో వదిలించడానికి మూడు రోజులు పట్టింది. తాత చేసిందైనా తప్పు తప్పే, మీరు పూయొద్దు.

మొత్తం ఖర్చు మూడువందలు కూడా కాలేదు, అదీ సీటు మళ్ళీ కుట్టిన దారానికీ, బొగ్గులకీ కలిపి.

చివరికి డ్రైవరు తలుపు లోపలి అంచున తెల్లటి మచ్చలు మిగిలాయి. తాత తమలపాకుకి సున్నం రాసుకుని వేలు అక్కడ తుడిచేవాడు. కుంకుడుకి, సోడాకి అవి పోవు, సున్నం కూడా క్షారమే గదా. పోగొట్టాలంటే పులుపు కావాలి. నిమ్మచెక్క పట్టుకుని రుద్దబోతుంటే అవ్వ, “అది మురికి కాదు, ఉండనియ్యి” అంది. చిన్నాయన వంగి చూశాడు. వేలిగుర్తులు ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టు చాలాసేపు చూసి, నిమ్మచెక్క మా చేతిలోంచి తీసుకుని పారేశాడు. గోడ మీది ఫోన్ నంబరుని సాయంత్రం ఆయనే తడిగుడ్డతో తుడిచాడు.

నేల రేకుకి మాటు వేయించాం, రిజిస్ట్రేషన్ పొడిగించాం. 2022 ఆడి కృత్తికకి అవ్వని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిరుత్తణి పోయాం. దారిలో పుట్టిల్లు వచ్చినప్పుడు ఆమె అద్దం దించి చూసింది. కారులో కుంకుడు వాసన, బొగ్గు వాసన, తిరిగొచ్చేటప్పుడు విబూది వాసన. మళ్ళీ 2026లో గడువు. ఈసారి కడగడం నెల పట్టదు.