దేవిడీమన్నా

నాట్ అంటే ఏంటని కొత్తగా చేరిన కుర్రాళ్ళు అడిగితే నేను పీపీటీ తెరవను. పాతబస్తీలో దివాన్ దేవిడీ చూశారా అని అడుగుతాను. సాలార్‌జంగుల నివాసం అది. సాలార్‌జంగ్ మ్యూజియంని 1951 డిసెంబరు 16న నెహ్రూ ప్రారంభించింది అందులోనే, ఇప్పుడున్న భవనంలోకి మారింది 1968లో. ప్యాలెస్ చాలామటుకు పోయింది, కమాన్లు మిగిలాయి. లోపలంతా బట్టల హోల్‌సేల్ కొట్లు.

దేవిడీ కట్టుబడి ఎలా ఉంటుందంటే, వీధి వైపు ఒక పెద్ద గుమ్మం, లోపల మర్దానా, జనానా, నౌకర్ల ఇళ్ళు. బయటివాళ్ళకి తెలిసిన చిరునామా ఆ గుమ్మమే. వచ్చిన కబురు లోపల ఎవరిదో దర్వానుకి తెలిస్తే సరే, తెలియకపోతే దేవిడీమన్నా. ఈ మాట తెలుగులోకి అలా వచ్చిందే!

ఇంటర్నెట్‌కి ఈ గుమ్మం మొదట్లో లేదు. ప్రతి మిషనుకీ సొంత అడ్రసు ఉండాలన్నది అసలు ఆలోచన. 32 బిట్లకి వచ్చేది సుమారు 429 కోట్ల అడ్రసులు, అవి చాలవని 90ల మొదట్లోనే అర్థమైంది. 1994 మేలో ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ కలిసి ఆర్‌ఎఫ్‌సీ 1631 రాశారు. ఇది తాత్కాలిక ఉపాయమనీ, అడ్రసుకి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉండే అర్థం దీంతో పోతుందనీ వాళ్ళే చెప్పారు. ఆ తాత్కాలికం ఇంకా నడుస్తూనే ఉంది :) ఆఫీసు టెలిఫోన్ పీబీఎక్స్ లాంటిదే కాబట్టి ‘పిక్స్’ అని పేరు పెట్టి పెట్టె అమ్మిన చిన్న కంపెనీని 1995లో సిస్కో కొనేసింది. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది కూడా ఆ ఏడాదే, ఆగస్టు 15న. అంటే మనం వచ్చేసరికే గుమ్మం కట్టేశారన్నమాట.

ఇక స్విచ్ సంగతి. లేయర్-2 స్విచ్‌కి ఐపీ అడ్రసుతో పనిలేదు, అది మ్యాక్ చూసి పంపేస్తుంది. లేయర్-3 స్విచ్ అయితే వీలాన్ ఇంటర్‌ఫేసుని ‘ఇన్‌సైడ్’ అనీ, ‘నో స్విచ్‌పోర్ట్’ కొట్టిన పోర్టుని ‘అవుట్‌సైడ్’ అనీ చెప్పి, లోపలి అడ్రసులకి యాక్సెస్ లిస్ట్ రాసి, ‘ఓవర్‌లోడ్’ అంటే అయిపోవాలి కదా? కాదు. క్యాటలిస్ట్ 3560, 3750లలో నాట్‌కి సపోర్టే లేదు, పెద్దన్న 6500లో ఉంది. స్విచ్‌లోని చిప్ సిద్ధంగా ఉన్న పట్టిక చూసి ప్యాకెట్‌ని తోసేస్తుంది, అందుకే ఆ వేగం. నాట్‌కి ప్రతి సంభాషణా గుర్తుండాలి. అడ్రసు, పోర్టు మార్చాలి, చెక్‌సమ్ మళ్ళీ కట్టాలి. పరుగెత్తే బంట్రోతు చేతికి దర్వాను చిట్టా ఇస్తే ఎలా?

నాట్ ఉంది కాబట్టి సెక్యూరిటీ ఉందనే వాదన నాకు ఒప్పుదల కాదు. దర్వాను వెనక్కి పంపేది ప్రమాదం పసిగట్టి కాదు, ఎవరికివ్వాలో తెలియక.

అసలు సమస్య చిట్టాది. 2007లో బెంగుళూరులో మనలాంటి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఒకతన్ని ఆర్కుట్ పోస్టు కేసులో అరెస్టు చేశారు. ఐపీ వివరాలు తప్పుగా ఇచ్చారని తేలేసరికి 50 రోజులు జైల్లో ఉన్నాడు. అక్కడ తప్పు నాట్‌ది కాదు, నిజమే. కానీ ఒక ఐపీ అంటే ఒక మనిషే అనుకునే చోట, గుమ్మం వెనక వందమంది ఉంటే ఏమవుతుంది? 2011 సైబర్ కేఫ్ నిబంధనలు రిజిస్టరు కనీసం ఏడాది దాచమన్నాయి, అది ఒక గది వరకు సరిపోతుంది. 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ఆపరేటర్ల నాట్ కోసమే 100.64తో మొదలయ్యే అడ్రసులు కేటాయించింది. ఇప్పుడు గుమ్మం ఇంటిది కాదు, బస్తీ మొత్తానిది. ఇంటి రౌటర్‌లో వాన్ ఐపీ చూడండి, 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీరూ దేవిడీలోనే.

అంతమందిలో ఒకణ్ణి విడదీసి చూపేది సోర్స్ పోర్టు, కచ్చితమైన టైమూను. సర్వర్లు ఈ రెండూ రాసిపెట్టాలని 2011 జూన్‌లోనే ఆర్‌ఎఫ్‌సీ 6302 చెప్పింది. మన టీముల్లో రాసే యాక్సెస్ లాగుల్లో ఐపీ పక్కన పోర్టు ఉందేమో సోమవారం ఆఫీసుకెళ్ళాక ఓసారి తెరిచి చూడండి.