కొమ్మలో కోయిల ఆనవాలు: గోదావరి డెల్టా వీణ జ్ఞాపకం

యానాంకి పాలనాపరమైన రాజధాని పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైగా దూరం. ద్రాక్షారామం మాత్రం పాతిక కిలోమీటర్ల లోపే. ఉత్తరంగా వెళితే కాకినాడ 30 కిలోమీటర్ల చిల్లర, ఆ పైన పిఠాపురం. 1954 దాకా యానాంలో ఫ్రెంచివారి ఏలుబడి, చుట్టూ 1947 దాకా ఇంగ్లీషువారిది. పొలిమేరలు వేరైనా భాష ఒకటే, గోదావరి నీళ్లు ఒకటే. యానాం మొదలు పిఠాపురం దాకా ఉన్న ఈ చిన్న మేరలోనే తెలుగు వీణ చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు నడిచాయి. పిఠాపురం ఆస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విని రవీంద్రనాథ్ టాగూరు ముగ్ధుడై ఆయనను శాంతినికేతన్‌కు పిలిపించుకున్నాడు. 1922లో ద్రాక్షారామంలో ఈమని శంకరశాస్త్రి పుట్టాడు. 1936 అక్టోబరు 13న కాకినాడలో చిట్టిబాబు పుట్టాడు. ఊరివాళ్లు తమ వాద్యకారుణ్ణి దేన్ని పట్టుకుని గుర్తుంచుకుంటారన్నది ఈ వ్యాసం అడుగుతున్న ప్రశ్న.

పాట పాడిన మనిషిని తలుచుకోవడం తేలిక. 1922లోనే పుట్టిన ఘంటసాల శతజయంతిని 2022లో తెలుగువాళ్లు ఉన్న చోటల్లా జరుపుకున్నారు. పాట వచ్చిన ప్రతివాడూ రెండు చరణాలు పాడి ఆయనను మళ్లీ గదిలోకి తెచ్చుకోగలడు. అదే ఏడాది శతజయంతి వచ్చిన ఈమని పేరు మీద అంత సందడి కనిపించలేదు. దానికి కృతఘ్నత కారణం అనుకోవడం తొందరపాటు. వీణకు మాటలు లేవు. విన్నవాడు ఇంటికెళ్లి కూనిరాగం తీయడానికి సాహిత్యం లేదు. ఆ సంగీతాన్ని తిరిగి పలికించాలంటే చేతిలో వీణ, వేళ్లలో ఏళ్ల సాధన కావాలి.

అందుకే వైణికుడి జ్ఞాపకం ముందుగా శిష్యుల వేళ్లలో నిలుస్తుంది. వీణకు 24 మెట్లు, మైనంలో అమర్చినవి. వాయించే తీగలు నాలుగు, తాళానికి మూడు. కుడిచేతి మీటు నాదాన్ని పుట్టిస్తుంది, ఎడమచేయి దాన్ని పెంచి పోషిస్తుంది. ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగితే స్వరం మెల్లగా పైకి సాగుతుంది, వదిలితే దిగుతుంది. గమకం అంటే ఇక్కడ ఆ లాగుడే. ఎంత లాగాలో, ఎక్కడ నిలపాలో ఏ స్వరలిపీ పూర్తిగా చెప్పలేదు. గురువు ఎదురుగా కూచుని, ఆయన వేలు చూస్తూ, చెవితో కొలుచుకోవాలి. ఈమని ఆ విద్యను తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఆ తండ్రి ‘వైణిక భైరవ’ అచ్యుతరామశాస్త్రి. తరవాత ఈమని మద్రాసులో జెమినీ స్టూడియోలోను, ఆకాశవాణిలోను పని చేసి, ఢిల్లీలో ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపాడు. ఆ బృందం కోసం కూర్చిన ‘ఆదర్శ శిఖరారోహణం’ వంటి రచనలు వీణకు కచేరీ వేదిక అవతల కూడా చోటు చూపించాయి. లలిత సంగీతానికి పేరు తెచ్చిన పాలగుమ్మి విశ్వనాథం ఆయన శిష్యుడే. చిట్టిబాబు కూడా.

ఇక్కడ దూరదేశపు డెల్టా ఒకటి తలుచుకోవాలి. అమెరికాలో మిసిసిపి డెల్టా పత్తి చేలలో పని చేసిన నల్లజాతి కూలీల మధ్య బ్లూస్ పెరిగింది. అక్కడి గిటారు వాద్యకారులు కూడా తీగను పక్కకు లాగి, రెండు స్వరాల నడుమ ఉన్న స్వరాన్ని పట్టుకుంటారు. లేదా సీసా మెడనో కత్తినో తీగల మీద జారుస్తారు. 1903 ప్రాంతంలో టట్వైలర్ రైలు స్టేషన్లో ఒక మనిషి గిటారు తీగల మీద కత్తి నొక్కి వాయిస్తుంటే విన్నానని బ్లూస్ సంగీతకర్త డబ్ల్యూ.సి. హ్యాండీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ మనిషి పేరు మాత్రం రాయలేదు. వాద్యం నిలిచింది, పేరు పోయింది. మిసిసిపి జాన్ హర్ట్ కథ దీనికి ఎదురు. 1928లో కొన్ని పాటలు రికార్డు చేసి తిరిగి సేద్యంలో పడిపోయిన హర్ట్, తన ఊరు అవలాన్ పేరును ఒక పాటలో పెట్టాడు. ఆ ఊరి పేరు పట్టుకునే 1963లో అభిమానులు ఆయన గడప దాకా వెళ్లారు. అదే ఏడు న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవంలో ఆయన మళ్లీ పాడాడు. 1966లో పోయేదాకా ఆయనను జనం వింటూనే ఉన్నారు.

హర్ట్‌కు ఊరి పేరు ఎలాంటి ఆనవాలో, చిట్టిబాబుకు కోయిల అలాంటిది.

‘కొమ్మలో కోయిల’ ఆయన సొంత రచన. కోయిల కూతను, తీగ సాగదీసి, వీణ మీద వినిపించాడు. ఆయన చేతిలో ఒక మీటుకూ మరో మీటుకూ మధ్య స్వరం తెగదు. గాత్రంలో ఊపిరి సాగినట్టే సాగుతుంది. ఈ పద్ధతికి పునాది ఈమని వేశాడు. దానికి జనం నాలుక మీద నిలిచే పేరు పెట్టినవాడు చిట్టిబాబు. రాగం పేరు తెలియనివాడికి కూడా కోయిల తెలుసు. మాటల్లేని వాద్యానికి పిట్ట పేరు తగిలించడం శాస్త్రజ్ఞులలో కొందరికి చిన్నతనంగా తోచవచ్చు. కాని శ్రోత చేతికి ఒక పిడి అందించడం ఏ విధంగానూ చిన్న పని కాదు. మైసూరు మహారాజు ఆయనకు ‘వైణిక శిఖామణి’ అని బిరుదిచ్చాడు. సామాన్య శ్రోతకు మాత్రం ఆ బిరుదు కన్నా ముందు కోయిల గుర్తొస్తుంది.

ఆయన గురించి చెప్పుకునే మరో కథ కూడా గమనించదగ్గది. అయిదేళ్ల వయసులో, తండ్రి వీణ మీద ఒక స్వరం తప్పు పలికించగానే పిల్లవాడు దిద్దాడట. అసలు పేరు హనుమాన్లు, ముద్దుపేరు చిట్టిబాబు, ఆ ముద్దుపేరే దేశమంతా తిరిగింది. పన్నెండేళ్లకే కచేరీ చేశాడు. ‘లైలా మజ్ను’ (1949)లో బాల నటుడి వేషం కుటుంబాన్ని మద్రాసుకు చేర్చింది. ఈమని శిష్యరికమూ, సినిమా వాద్యబృందాల అనుభవమూ, కీర్తీ తరవాతివి. ఇంతటి జీవితంలో నుంచి జనం మొదటగా ఎంచుకున్నది తండ్రిని దిద్దిన ఘట్టం. ఆ కథ చెప్పడంలో ఒక హక్కు దాగి ఉంది: మద్రాసు ఆయనకు వేదికనిచ్చింది సరే, చెవి మాత్రం కాకినాడలోనే తయారైంది. 1996 ఫిబ్రవరి 9న, అరవై నిండకుండానే ఆయన మద్రాసులో కన్నుమూశాడు.

డెల్టాకు కృతజ్ఞత చూపడం తెలియనిది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట ముగించిన ఆర్థర్ కాటన్‌కు ఇప్పటికీ ఊరూరా విగ్రహాలున్నాయి, దండలు పడతాయి. మిసిసిపి రాష్ట్రం 2006 నుంచి బ్లూస్ వాద్యకారుల ఊళ్లలో, వాళ్లు వాయించిన చోట్ల ఫలకాలు నాటుతూ వచ్చింది. ఇప్పుడవి 200 దాటాయి. అటువంటి దారి యానాం నుంచి ద్రాక్షారామం, కాకినాడ మీదుగా పిఠాపురం దాకా వేయవచ్చు. దారి మొత్తం వంద కిలోమీటర్లు ఉండదు. ఒక్కో మజిలీలో రాయి నాటితే చాలదు, అక్కడ ఈమని వీణా, చిట్టిబాబు వీణా వినిపించాలి. పక్కనే వీణ ఒకటి ఉండాలి, తీగ ఎంత లాగితే కోయిల పలుకుతుందో పిల్లలు వేలు పెట్టి చూసుకోవడానికి.