బెలుం బిలంలో పాతాళగంగ

మన చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సందుల్లో ఇంకా పడగొట్టని పాత ఇల్లేదైనా కనిపిస్తే ఒకసారి దాని నేల చూడండి. షాబాదు బండలుంటాయి. వంటింటి గట్టూ, అలమర అరలూ నల్లటి కడప బండలు. ఈ రెండూ సున్నపురాయే. గట్టు మీద పులుసు ఒలికితే చప్పున తుడవమని అత్తగార్లు కేకలేసింది ఊరికే కాదు. చింతపండు పులుపు ఆ రాతిని తింటుంది. మచ్చ పడిందంటే ఇక పోదు. గ్రానైటు గట్లు వచ్చాక మనకా బెంగ తీరిందనుకోండి.

ఆ పులుపు మచ్చే లక్షల ఏళ్ళ తరబడి లోతుకు దిగుతూ పోతే గుహ అవుతుంది. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. చింతపండు రసమంత పులుపేమీ కాదు, నాలుకకు తెలియనంత. అయినా తొందర లేనిదానికి బలమెందుకు? రాతి బీటల్లో దూరి, కరిగించి, సొరంగాలు చేసేస్తుంది. పైకప్పు నుంచి చుక్కచుక్కగా జారేటప్పుడు కరిగించుకున్న సున్నాన్ని అక్కడే వదిలి ఊడల్లాగా, లింగాల్లాగా పేరుస్తుంది. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుందే, ఇదీ అలాంటిదే. మన హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు. అది అలా కరగదు. అందుకే మనకు గుండ్లే గాని గుహానదులు లేవు.

అవి రాయలసీమకు దక్కాయి. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో బెలుం అనే ఊరుంది. 2022 దాకా అది కర్నూలు జిల్లా. తాడిపత్రి నుంచి ముప్ఫై కిలోమీటర్లుంటుంది. గుహ అంటే కొండెక్కాలనుకుంటాం కదా, ఇక్కడ కొండ లేదు. చదును నేలలో బావుల్లాంటి మూడు గోతులు, అంతే. మధ్య గోతిలోకి మెట్లు దిగితే కింద దారి అడ్డంగా సాగిపోతుంది. ఇంతవరకు కొలిచిన పొడవు 3,229 మీటర్లు. చూడనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. గుహలో చల్లగా ఉంటుందనుకుని పట్టుచీర కట్టుకుని వెళ్ళేరు సుమా! నేను వెళ్ళినప్పుడు పది నిమిషాల్లో చెమటతో తడిసి ముద్దయ్యాను. కోటిలింగాలు, ఊడలమర్రి, వేయి పడగలు (విశ్వనాథ వారిది కాదు, రాతివి) అన్నీ చూసి, తట్టితే పలికే రాళ్ళున్న సప్తస్వరాల గుహ దగ్గర పిల్లలు వదలక నిలబడిపోయారు.

అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ. నేలమట్టానికి 46 మీటర్ల కింద. శ్రీశైలంలో మనం మెట్లు దిగి స్నానం చేసే పాతాళగంగ కృష్ణానదే, పైన ఆకాశం కనిపిస్తూనే ఉంటుంది. పేరుకు తగ్గ పాతాళగంగ ఇది. ఏడాది పొడుగునా పారే సన్నటి ఏరు, రాతిలోంచి వచ్చి రాతిలోకే పోతుంది.

ఇక చరిత్ర సంగతి. ఈ గుహను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ కనిపెట్టాడని రాస్తుంటారు. ఫుట్ సామాన్యుడేమీ కాదు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాత రాతియుగం నాటి గొడ్డలిని గుర్తించి, మన దేశంలో ఆదిమానవుడి చరిత్రకు తలుపు తెరిచాడు. ఆ 1884లోనే బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఎముకల కోసం తవ్వకాలు కూడా చేశాడు. అంతా బాగానే ఉంది, ఆ ‘కనిపెట్టడం’ అన్న మాటతోనే నాకు పేచీ. బెలుం అన్న పేరు బిలం నుంచి వచ్చిందంటారు. ఊరికి బిలమని పేరు పెట్టుకున్నవాళ్ళకు బిలం తెలియదా? నలభై ఏళ్ళు ఇంట్లో పచ్చడి నూరిన అత్తగారికి దక్కని పేరు, దాన్ని పత్రికలో రాసిన కోడలికి దక్కినట్టుంది.

బిలమంటే గుర్తొచ్చింది. కిష్కింధాకాండలో వానరులు దాహంతో అల్లాడుతుంటే, ఒక బిలంలోంచి పక్షులు తడిరెక్కలతో బయటికొస్తాయి. లోపల నీళ్ళున్నాయని హనుమంతుడు గ్రహిస్తాడు. లోపల స్వయంప్రభ అనే తపస్విని ఒంటరిగా ఉంటూ, వచ్చినవాళ్ళకి కడుపునిండా పెట్టి, కళ్ళు మూసుకోమని బయటికి చేరుస్తుంది. నేల కింద నీరు పారుతుందనీ, దాని ఆనవాళ్ళు పైన కనిపిస్తాయనీ మనవాళ్ళకు ఎంత కాలంగా తెలుసో చూడండి.

తెలియడం వేరు, చూసుకోవడం వేరు. ఫుట్ రాసిన తర్వాత దాదాపు వందేళ్ళు ఈ గుహ గోడు పట్టించుకున్నవాళ్ళు లేరు. చుట్టుపక్కలవాళ్ళు ఆ గోతుల్లో చెత్త పోశారు. ఇంటి ముందు గొయ్యి ఉంటే మనమైనా అదే చేసేవాళ్ళమేమో! 1982, 83ల్లో డేనియల్ గెబోయర్ అనే జర్మన్ గుహాన్వేషకుడు తన బృందంతో వచ్చి, పాక్కుంటూ కొలుచుకుంటూ పటం గీశాడు. లోపల ఒక హాలుకు ఆయన పేరే పెట్టారు. పెట్టవలసిందే. కాని ఆయనకు సాయపడ్డ స్థానికుల పేరుతో చిన్న మూలైనా లేకపోవడం నాకు వెలితిగా తోచింది. ఆ తరవాత అక్కడివాళ్ళే, వారిలో రిటైరైన పోలీసు అధికారి ఒకాయన, దీన్ని కాపాడమని వెంటపడ్డారు. 1988లో ప్రభుత్వం రక్షిత ప్రదేశంగా ప్రకటించింది. 1999లో పర్యాటక సంస్థ చేతికొచ్చింది. చెత్త ఎత్తారు, బాటలు వేశారు, దీపాలు పెట్టారు, గాలి కోసం గొట్టాలు దించారు. 2002 ఫిబ్రవరిలో జనానికి తలుపులు తెరిచారు.

గుహకైతే కాపలా ఉంది. నీటి సంగతేమిటి? పాతాళగంగ పుట్టేది టిక్కెట్టు కౌంటరు లోపల కాదు. చుట్టూ ఉన్న నేలలో ఇంకిన వాన అది. ఆ చుట్టుపక్కల నేలంతా సున్నపురాయే. అందుకే కొలిమిగుండ్ల, తాడిపత్రి దారుల్లో ఎక్కడ చూసినా బండల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. మన గట్లూ, మన అపార్టుమెంట్లూ అక్కడినుంచి వచ్చినవే. రాతిని ఎంతవరకు తియ్యవచ్చో లెక్క కట్టేటప్పుడు ఆ సన్నటి ఏటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏటికి కంచె వెయ్యలేం కదా.

ఆ నీరు వాయవ్యంగా పోయి కనిపించకుండా పోతుంది. రెండు కిలోమీటర్ల దూరాన బెలుం ఊళ్ళో బావిలో తేలుతుందని అక్కడివాళ్ళ నమ్మకం.