గిన్నెల చప్పుడు

గిన్నెలూ పళ్ళేలూ ఒకదానికొకటి తగిలి చేసే మోతకి ఇంగ్లీషులో ఓ పేరుంది - క్లాటర్. గట్టి వస్తువులు వరసగా, గబగబా కొట్టుకుంటే వచ్చే చప్పుడన్నమాట. రాళ్ళ బాట మీద గుర్రపు డెక్కలు చేసేదీ అదే, వంటింటి గట్టు మీంచి మూతలు దొర్లిపడితే వినిపించేదీ అదే.

ఈ మాట పుట్టుక వెతుక్కుంటూ వెళ్తే ఏ లాటిన్ ధాతువో, గ్రీకు ధాతువో దొరకదు. చెవి విన్నదాన్ని నోరు అనుకరించింది, అంతే! వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులోనే 'క్లాట్రుంగ్' అనే రూపం వుంది. డచ్చివాళ్ళ పాత భాషలో 'క్లాటెరెన్' వుంది. మనం గలగల, గడగడ, ఖణఖణ అనుకున్నట్టే వాళ్ళూ అనుకున్నారు.

ఇంతవరకూ బాగానే వుంది. కాని ఈ మాట గిన్నెల దగ్గర ఆగలేదు. మధ్యయుగాలనాటికే పొల్లు కబుర్లకి కూడా క్లాటర్ అనే పేరు పెట్టేశారు. స్కాట్లండు మాండలికంలో ఆ మాటకి ఊసుపోక చెప్పుకునే ఊరి కబుర్లన్న అర్థం బాగా స్థిరపడింది. దీనికో చెల్లెలు కూడా వుంది - క్ల్యాక్. వెనకటి పిండిమరల్లో గింజలు తిరగలి రాళ్ళ మధ్యకి సరిగ్గా జారేటట్టు గింజల తొట్టిని అదేపనిగా తడుతుండే చెక్కని ఆ పేరుతో పిలిచేవారు. ఆ పేరే పట్టుకెళ్ళి ఆడదాని నాలుకకి తగిలించారు!

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? మేకులు వదులైన బండీ లొడలొడే, నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడిన ఆడపిల్లదీ లొడలొడే. మాటని చప్పుడు అనేస్తే ఎంత సుఖమో చూడండి. ఇక దానికి అర్థం వెతకనక్కర్లేదు, జవాబు చెప్పనక్కర్లేదు.

అయితే ఆ ఇంగ్లండు పల్లెల్లోనే గిన్నెల చప్పుడు తీర్పుగా మోగిన రోజులున్నాయి. 'రఫ్ మ్యూజిక్' అనేవారు దాన్ని. మొరటు మేళం అనుకోండి. చీకటి పడ్డాక ఊరి జనం పెనాలూ, కెటిళ్ళూ, పట్టకార్లూ పట్టుకుని ఒక ఇంటి ముందు చేరి చెవులు చిల్లులు పడేటట్టు మోగించేవారు. కొన్ని చోట్ల వరసగా మూడు రాత్రులు! 16, 17 శతాబ్దాలలో ఈ మేళం ఎక్కువగా గయ్యాళి అని పేరుపడ్డ భార్య మీదికీ, ఆవిడకి లొంగిన మొగుడి మీదికీ వెళ్ళేది. 19వ శతాబ్దం వచ్చేసరికి చాలా వూళ్ళలో అది గుమ్మం మార్చుకుంది. పెళ్ళాన్ని కొట్టే మొగుడి వాకిట్లో మోగింది. ఈ మార్పుని చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1972లో ఓ పెద్ద వ్యాసంలో వివరించాడు.

ఆనాటి పేదింటి ఆడదానికి వేరే దిక్కేముంది? 1857లో విడాకుల చట్టం వచ్చినా, ఆ కోర్టు వుండేది లండన్‌లో. ఖర్చు భరించాలంటే వున్నవాళ్ళకే. పైగా భార్య తప్పు చేసిందంటే భర్తకి విడాకులు దొరికేవి కాని, భర్త తప్పు చేశాడంటే భార్యకి అది ఒక్కటీ చాలేది కాదు. ఘోరంగా కొట్టి శిక్షపడ్డ భర్త నుంచి విడిగా బతకడానికి మేజిస్ట్రేటు అనుమతి ఇవ్వవచ్చునన్న చట్టం 1878లో గాని రాలేదు.

ఆ మేళాన్ని మరీ పొగడనూ కూడదు. థామస్ హార్డీ 1886లో వెలువరించిన 'ది మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జ్' నవలలో ఇలాంటి ఊరేగింపు చూసి తట్టుకోలేక ఒక ఇల్లాలు కుప్పకూలి ప్రాణాలే వదులుతుంది. గుంపు చేతిలో గరిటె వున్నా కర్ర వున్నా ఒకటే; ఎవరి మీదికి తిరుగుతుందో చెప్పలేం. మొగుడి వాకిట్లో మోగినప్పుడైనా, మేళం ముగిశాక ఊరంతా ఇళ్ళకి పోయేది. దెబ్బలు తిన్న మనిషి మాత్రం అదే ఇంట్లో, అదే మొగుడితో మిగిలిపోయేది.

అయినా ఒక్కటి మాత్రం నిజం. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఊరికి తెలుసునని ఆ చప్పుడు చాటింది. నాలుగ్గోడల మధ్య ఆవిడ చెప్పుకున్నప్పుడు అది వట్టి క్లాటర్. అదే సంగతి పెనాలు చెప్పేసరికి మొగుడికి వినబడి తీరింది. చప్పుడుకి అర్థం లేదని ఎవరన్నారు? వినే చెవులు వుండాలి గాని!